ఉలవల్లో చిక్కిన ఆయిల్ కూలర్

కారును ప్రదర్శనకు తీసుకెళ్తూ, దారిలో ఒక రైతమ్మ పంటనీ, ఒక ఇంజన్నీ, మా నాన్నకు నా మీద మిగిలిన కాస్త నమ్మకాన్నీ ఒకే పూటలో పాడుచెయ్యడం ఎలాగో మీకు ఎవరూ చెప్పి ఉండరు. నేను చెబుతాను. అనుభవం ఉన్నవాణ్ణి.

మాది ఆమదాలవలస. నాన్న ధాన్యం, పెసలు, ఉలవలు కొని అమ్ముతాడు. నాకేమో కార్లకు సోకులు చేసే కొట్టు పెట్టాలని కోరిక. దానికి మా కొట్టు ముందు గది కావాలి. నాన్న వాడకుండా వదిలేసిన పాత కారుకు రంగు మార్చి, స్ప్రింగులు కోయించి నేలకు దించి, లోపల రకరకాల దీపాలు పెట్టాను. విజయనగరంలో ఇలాంటి కార్ల ప్రదర్శన ఉందని తెలిసి గది సంగతి ఎత్తాను. ఆయన ఒకటే షరతు పెట్టాడు.

"కారు దాని కాళ్ల మీద అదెల్లి, దాని కాళ్ల మీద అదొస్తే ముందు గది నీది. తాడు కట్టి లాక్కొస్తే మాత్రం ఎనక గదిలో గోనెలు కుట్టుకో."

కారు అప్పటికి బాగానే నడుస్తోంది. అంటే నేను చెయ్యాల్సిందల్లా ఏమీ చెయ్యకుండా ఊరుకోవడం. నాకు చేతకాని పని అదొక్కటే. ఆయిల్ కూలర్ తెప్పించాను.

తెలియనివాళ్ల కోసం చెబుతున్నాను. ఇంజన్ ఆయిల్ ఒక పైపులోంచి బయటికొచ్చి, చిన్న రేడియేటర్ లాంటి పెట్టెలో గాలికి చల్లబడి, ఇంకో పైపులోంచి లోపలికి పోతుంది. పందేల్లో పరుగెత్తే కార్లకు ఇది అవసరం. మా కారుకు దీని అవసరం కప్పకు గొడుగు అవసరమంత.

బిగిస్తుంటే మా మేనత్త కొడుకు సింహాచలం బావ పక్కనే కూర్చుని చూస్తున్నాడు.

"ఒరే, ఈ కారు అక్కడికెల్లి ఏటి సేస్తాది?"

"నిలబడతాది బావా. జనం సూస్తారు."

"నిలబడేదానికి సల్లబెట్టడం దేనికిరా?"

"కూలర్ ఉంటే ఇంజన్ గట్టిదనుకుంటారు."

"పైపులు లోపల్నించి తిప్పమని ఆ కాగితం మీద బొమ్మ ఉన్నాది కదా. నువ్వు కిందకి ఏలాడదీస్తన్నావేటి?"

"లోపలెడితే ఎవుడికి కనబడతాయి బావా?"

ఊరంతా ఒక దారైతే ఉలిపికట్టెది ఒక దారి అంటారు. నా పైపులది ఆ రెండో దారి. ఎర్రటి పైపులు రెండూ బంపరు కింద, నేలకు జానెడెత్తులో, ఎండకు దాహమేసిన కుక్క నాలుకలా వేలాడాయి. నాకు ముచ్చటగానే ఉంది.

హైవే మీద వెళ్లొచ్చు. కానీ అక్కడ అందరూ మనకంటే వేగంగా పోతారు, ఒక్కడూ చూడడు. అందుకని పొందూరు మీదుగా ఊళ్లలోంచి బయల్దేరదీశాను. బావ పక్క సీట్లో కూర్చున్నాడు.

పొందూరు దాటి కొంత దూరం పోయాక రోడ్డు నిండా ఉలవ పంట పరిచి ఉంది. మాఘమాసంలో మా వైపు ఇది మామూలే. పీకిన మొక్కల్ని తీగలతో సహా తారు మీద పరుస్తారు. బస్సులూ లారీలూ తొక్కుకుంటూ పోతే కాయలు పగిలి గింజలు రాలతాయి. డ్రైవర్లెవరూ ఏమీ అనరు. పంట తాలూకు ఆవిడ, నీలమ్మట, కర్ర పట్టుకుని పక్కన నిలబడి రమ్మని చెయ్యి ఊపింది.

"తొక్కించీ బాబూ, ఏటీ అవదు."

"ఒరే, ఆపు," అన్నాడు బావ. "తీగలు పైపులకి సుట్టుకుంటాయి. పక్కకి లాగమందాం."

"ఉలవల కొట్లో పుట్టినోడికి ఉలవల గురించి సెప్తన్నావా బావా?"

అని పోనిచ్చాను.

లారీ అయితే తొక్కుతుంది. నా కారు తొక్కలేదు, దువ్వింది. అద్దంలో చూస్తే వెనక రోడ్డు నున్నగా, నల్లగా మెరుస్తోంది. పంటంతా పైపులకు చుట్టుకుని నాతోపాటే విజయనగరం వస్తోంది. వెనక నీలమ్మ పరుగెత్తుతోంది.

"ఓలమ్మో, నా ఉలవలు అట్టుకెల్లిపోతన్నాడు."

బావ ముందుకు వంగాడు.

"ఒరే, ఆ ఎర్రదీపం ఏటి?"

"అలంకారం బావా."

"పొద్దున్న నేదు కదా?"

"రంగులు మారతాయి బావా."

అది నేను పెట్టిన దీపం కాదు. ఆయిల్ అయిపోయిందని చెప్పడానికి కారు కట్టినవాళ్లు పెట్టిన దీపం. నా దీపాల సంతలో దాని మొర ఎవరు వింటారు? ఇంజన్ రోట్లో రాళ్లు దంచినట్టు చప్పుడు చేసి, బిగుసుకుపోయి ఆగింది. దిగి చూస్తే తీగలు ఒక పైపును ఊడబెరికేశాయి. వెనక రోడ్డు పొడుగునా ఆయిల్ చార.

నీలమ్మ వచ్చి, నన్ను తిట్టకుండా, గొంతుక్కూర్చుని కారు కిందకి చూసింది.

"ఇది మల్లీ ఎప్పుడు లెగుస్తాది బాబూ?"

"ఇంక లెగవదమ్మా."

"అయితే మంచిదే. నెమ్మదిగా తీసీ."

ప్రదర్శన కోసం కుట్టించుకున్న చొక్కాతోనే కారు కింద పడుకున్నాను. ఉలవలు తొక్కనేల, ఆయిలు కడగనేల. ఒక్కొక్క తీగా లాగుతుంటే ముందు గది ఒక్కొక్క ఇటుకే ఊడిపోతున్నట్టు అనిపించింది. నిజంగానే ఏడుపొచ్చింది. ఆయిల్ తగిలినవి ఒక పక్కకీ, తగలనివి ఆవిడ పరిచిన పట్టా మీదకీ వేశాను. అప్పుడావిడ చేతిలో కర్ర నాకిచ్చింది.

"బండి తొక్కనేదు కదా, నువ్వు కొట్టీ."

కొట్టాను. బావ కల్వర్టు మీద కూర్చుని, ఎక్కడ గట్టిగా కొట్టాలో చెబుతూ నాన్నకు ఫోన్ చేశాడు.

నాన్న ట్రాక్టరు మీద వచ్చాడు. తాడు కూడా తెచ్చాడు. కారు వైపు చూడలేదు. పట్టా మీంచి గుప్పెడు ఉలవలు తీసి, పొట్టు ఊది చూశాడు.

"నూర్పు ఎవుడు సేసేడు?"

"మీ అబ్బాయే బాబూ. రాయి నేదు, మట్టి నేదు," అంది నీలమ్మ.

"ఇన్నాల్లకి ఒక పనొచ్చినట్టుంది ఈడికి," అన్నాడు నాన్న, నాతో కాదు, ఉలవలతో.

మర్నాడు ముందు గది తలుపులు తెరిచి ఉన్నాయి. నాన్న దగ్గరికి పరుగెత్తాను.

"గది నాకిచ్చీసేవా నాన్నా?"

"కారుకిచ్చేను. జనం సూడ్డానికే అన్నావు కదా, అక్కడుంటాది. నీకు ఎనక గది."

మరుసటేడు నీలమ్మ ఉలవలు అమ్మడానికి మా కొట్టుకొచ్చింది. కాటా వైపు చూడకుండా కారు దగ్గరే చాలాసేపు నిలబడింది.

"దీన్ని బాగు సేయించవా బాబూ? ఏ లారీ అయినా సెల్లాసెదురు సేస్తాది. ఇదయితే మొత్తం ఒక్కకాడికి సేర్చీసింది. రోడ్డు ఊడిసే పనే నేకపోయింది."

కాబట్టి పాఠకులారా, గోనెసంచీ మీద ఆసీనుడనై, చేతిలోని దబ్బనం సాక్షిగా ప్రతిజ్ఞ చేస్తున్నాను. చల్లబరచనక్కర్లేనిదాన్ని ఈ జన్మలో చల్లబరచను. బంపరు కిందికి ఏదీ వేలాడదియ్యను. ఉలవల కాలంలో ఎక్కడికి పోవాల్సివచ్చినా రైల్లోనే పోతాను. పట్టాల మీద మావాళ్లు ఇంకా పంట పరవడం లేదు.