వంక మధ్యలో నా ఫోర్ వీల్ జీపు

పట్టుచొక్కా వేసుకుని, మోకాలి లోతు నీళ్లలో, మేకలు కాసే ఒక అవ్వ పర్యవేక్షణలో నేను జీపు చక్రాన్ని కౌగిలించుకున్న రోజు గురించి చెప్తాను. మొహమాటపడకుండా నవ్వుకోండి. మా అత్తగారివైపు వాళ్లందరూ నవ్వేశారు, ఇక మిగిలింది మీరే.

అప్పటికి నాకు పెళ్లయి ఆరు నెలలు. ప్రొద్దుటూరులో బట్టల కొట్టు నడుపుతున్నాను. బట్టలమ్మేవాడికి ఫోర్ వీల్ జీపు ఎందుకని మీరు అడగొచ్చు. మా నాన్నా అడిగాడు. నా జవాబల్లా ఫోన్ నిండా ఉన్న వీడియోలే. ఎవరెవరో నదుల్లోకి జీపులు దించి, అవతలి గట్టు మీద సింహాల్లా తేలుతున్నారు. నేనూ సింహాన్నే అనిపించింది. ఒక పాత డీజిల్ జీపు కొని, అందరూ మామ అని పిలిచే మస్తాన్ షెడ్డుకు తోలాను. ఆయన కువైట్‌లో పన్నెండేళ్లు ఇసుకలో కూరుకుపోయిన బండ్లను బాగుచేసి వచ్చిన మెకానిక్.

"నీళ్లలో దిగల్ల మామా. బురదలో గూడా పోవల్ల," అన్నాను.

"యాడికి పోతావప్పా?"

"యాడికైనా."

"మన దిక్కు నీళ్లు యాడుండాయని?" అంటూనే పని మొదలుపెట్టాడు.

ఇంజను నీళ్లు మింగకుండా పైనుంచి గాలి పీల్చుకునేలా, బానెట్ పక్కన టాపు ఎత్తుకు ఒక నల్లటి గొట్టం నిలబెట్టాడు. ఇరుసుల్లోకి నీరు చేరకుండా వాటి గాలిరంధ్రాలకు సన్నటి పైపులు తగిలించి పైకి లాగాడు. వైర్ల అతుకులకు గ్రీజు పట్టించాడు. పెద్ద పెద్ద గడులున్న బురద టైర్లు వేశాడు. బండి అప్పగించే రోజు ముందు చక్రాల దగ్గర కూర్చుని ఏదో తిప్పి చూపిస్తూ చాలాసేపు చెప్పాడు. ఆ సమయంలో నేను గొట్టం పక్కన నిలబడి ఫోటో దిగుతున్నాను.

"అర్థమాయనా?" అన్నాడు.

"ఆయ మామా," అన్నాను.

వారం తిరక్కముందే అవకాశం వచ్చింది. మా మామగారిది పులివెందుల దగ్గర చీనీతోట, బత్తాయిలు పండిస్తాడు. మాటలు తక్కువ మనిషి. జమ్మలమడుగు అవతలి పల్లెలో ఆయన చెల్లెలి కూతురికి నిశ్చితార్థం. పెద్దమనిషిగా తాంబూలాలు మార్చుకోవాల్సింది ఆయనే. మా ఆవిడ ముందురోజే వెళ్లిపోయింది. మామనూ అత్తనూ నా జీపులో తీసుకొస్తానని నేనే ఎగబడి చెప్పాను.

ఊరు కళ్లెదుటికి వచ్చింది. మధ్యలో వంక. రెండు రోజుల వానకు ఎర్రగా పారుతోంది. చుట్టు తిరిగి కల్వర్టు మీదుగా పోతే పావుగంట.

"చుట్టి పోదాం లేప్పా," అన్నాడు మామ.

"ఇది ఫోర్ వీల్ మామా."

"అయితే ఏంది?"

"చూస్తాండండి," అని ఫోర్ వీల్ లివరు లాగి, కిటికీ అంచున మోచెయ్యి పెట్టి, వీడియోల్లోవాళ్లలాగే దించాను. జీపు వంక మధ్యదాకా దర్జాగా పోయింది. అక్కడ దానికి ఏమనిపించిందో, ఆగింది. యాక్సిలరేటర్ తొక్కేకొద్దీ ముందుకు పోవడం మానేసి కిందికి పోసాగింది.

మామ పంచె మోకాళ్లపైకి మడిచి దిగాడు. అత్త తాంబూలాల పళ్లెం నెత్తిన పెట్టుకుని, చెప్పులు చేత పట్టుకుంది.

"ముహూర్తం దాటిపోతాంది నాయనా. మేం నడుచుకుంటా పోతాం. నువ్వు నిదానంగా రా," అంది. ఇద్దరూ నీళ్లు దాటి ఊరివైపు నడిచిపోయారు. అరవై దాటిన ఆ దంపతులకు అంత తేలిగ్గా లొంగిన వంకను చూసి నాకు ఒళ్లు మండింది.

గంటకు పైగా అలా తొక్కుతూనే ఉంటే, గట్టు మీదికి మేకలతో ఒక అవ్వ వచ్చింది. కాసేపు చూసి, "బండి కడుగుతాండావా నాయనా?" అని అడిగింది.

"లేదవ్వా. దాటతాండా."

"దాటేదానికైతే ముందర చక్రాలు గూడా తిరగల్ల గదా. ఎనకటివే తిరుగుతాండాయి."

తొంగి చూశాను. నిజమే. బురదంతా వెనక చక్రాలు చిమ్ముతుంటే, ముందువి పెళ్లికొచ్చిన బంధువుల్లా కదలకుండా కూర్చున్నాయి. మస్తాన్ మామకు ఫోన్ చేశాను.

"లాకులు తిప్పినావా?" అన్నాడు.

"ఏ లాకులు?"

ఆయన పసిపిల్లాడికి చెప్పినట్టు చెప్పాడు. "లోపల లివరు ఏస్తే చాలదప్పా. ముందర చక్రాల నడిమధ్యన బిళ్లలుంటాయి, చేత్తో తిప్పల్ల. అప్పుడే అవి ఇంజనుకు పట్టుకుంటాయి. ఆ పొద్దు కూసోని చూపిస్తి గదా."

"ఫోటో దిగుతాంటి మామా."

"ఇప్పుడు దిగు," అని ఫోన్ పెట్టేశాడు.

దిగాను. బురదనీళ్లలో చెయ్యి ముంచి, చక్రాన్ని వాటేసుకుని, బిళ్ల తడిమి రెండు వేళ్లతో తిప్పాను. అవతలిపక్క రెండోది కూడా తిప్పాను. ఎక్కి యాక్సిలరేటర్ మీద కాలు పెట్టానో లేదో, ఏమీ జరగనట్టు జీపు గట్టెక్కేసింది. రెండు వేళ్ల పనికి గంటన్నర పట్టింది.

"ఈ పని ముందే చేయొచ్చు గదా నాయనా," అంది అవ్వ, మేకలను తోలుకుంటూ.

నేను చేరేసరికి తాంబూలాలు మార్చుకోవడం అయిపోయింది. మెడదాకా బురదతో వాకిట్లో నిలబడ్డాను. మా ఆవిడ నన్ను గుర్తుపట్టి, గుర్తుపట్టనట్టు లోపలికి వెళ్లింది. పెళ్లికొడుకు తండ్రి మా మామగారి పంచె అంచున ఉన్న మట్టి చూసి, "ఏమప్పా, బండి దొరకలేదా, నడిచొచ్చినారే?" అని అడిగాడు.

మామ నిదానంగా వక్కాకు నములుతూ అన్నాడు. "మా అల్లునికి ఫోర్ వీల్ ఉంది. అందుకే నడిచొచ్చినాం."

ఆ సభ సాక్షిగా నేను చేసిన ప్రమాణం ఇది. కల్వర్టు కనిపిస్తుండగా ఈ జన్మలో వంకలోకి దిగను. మామ చుట్టి పోదామంటే, మా ఇంటి నుంచి ఎదురింటికైనా సరే, చుట్టే పోతాను.