సముద్రం వైపు నిలబడ్డ మనిషి

బాబాయి పెద్దకర్మ రోజున పోలీసు డిపార్ట్‌మెంటు వాళ్ళు తెనాలిలో మా ఇంటికి పూలదండ తెచ్చారు. పిన్ని పెట్టిన ఫొటోలో బాబాయి నేవీ తెల్ల యూనిఫాంలో, ఓడ మీద నిలబడి ఉన్నాడు. అది చూసి వాళ్ళలో పెద్దాయన నొచ్చుకున్నాడు.

"ఖాకీలో ఉన్నది లేదామ్మా? మా మనిషి కదా."

"లేదండి" అంది పిన్ని.

ఉంది. బీరువాలో చీరల కింద ఉంది.

తర్వాత ఆయన అందరికీ వినపడేలా, "క్రమశిక్షణంటే వీడిదేనండి" అన్నాడు. మంచినీళ్ళు అందిస్తున్న నేను తల దించుకున్నాను. నలుగురిలో నాకు నోరు పెగలదు. ఇంటికి వచ్చినవాళ్ళతో చెప్పలేనివి రాసుకోవడమే నాకు అలవాటు.

బాబాయిదీ అదే తీరు. నేను మేడమెట్ల మీద పుస్తకం చదువుకుంటుంటే పక్కన కూర్చుని బూట్లు పాలిష్ చేసుకునేవాడు. గంట గడిచినా ఇద్దరం ఒక్క మాట అనుకునేవాళ్ళం కాదు. నేవీ నుంచి వచ్చాక కానిస్టేబులయ్యాడు. బాపట్ల వైపు పోస్టింగు. స్టేషన్లో ఆయన పేరు ఎవరికీ పట్టలేదు, అందరికీ 'నేవీ'నే. కార్తీక పౌర్ణమికి సముద్రస్నానాల డ్యూటీ ఎప్పుడూ ఆయనకే వేసేవాళ్ళు.

ఒక ఏడాది పిన్నీ నేనూ ఆయనకి క్యారియర్ పట్టుకుని వెళ్ళాం. మిగతా పోలీసులు రోడ్డు వైపు చూస్తూ నిలబడ్డారు. బాబాయి ఒక్కడే జనానికి వీపు పెట్టి, నోట్లో విజిల్‌తో నీళ్ళ వైపు చూస్తున్నాడు. ఇంతలో ఒక పెద్దాఫీసరు కారు వచ్చి ఆగింది.

"ఏంటి నేవీ, పెళ్ళిచూపులా? ఇటు తిరుగు, సార్ వచ్చారు" అన్నాడు పక్క కానిస్టేబులు.

"ఆ ఎర్ర తువ్వాలు కుర్రాడు లోపలికి పోతున్నాడన్నా."

"నేను కనపడట్లేదా?" అన్నాడు ఆఫీసరు, సరిగ్గా వెనకే నిలబడి.

"ఒక్క నిమిషం సార్" అన్నాడు బాబాయి. తిరగలేదు. విజిల్ ఊదుతూ నీళ్ళలోకి పరిగెత్తి ఆ కుర్రాణ్ణి జబ్బ పట్టి లాక్కొచ్చాడు. అప్పుడు తిరిగి సెల్యూట్ కొట్టాడు. అప్పటికే కారు వెళ్ళిపోయింది.

పై అధికారిని అవమానించాడని మెమో ఇచ్చారు. రేపల్లెకి మార్చి కోర్టు డ్యూటీ వేశారు. రోజూ పొద్దున్నే రేపల్లె పాసింజరు ఎక్కేవాడు.

"ఒక్కసారి తిరిగి చెయ్యెత్తితే మీ సొమ్మేం పోయిందండీ?" అని పిన్ని సణిగేది.

"ఓడ మీద కాపలా నిలబడ్డవాడు నీళ్ళ మీంచి కళ్ళు తియ్యకూడదే. కెప్టెన్ వచ్చినా అంతే" అనేవాడు.

"ఇది ఓడ కాదు కదండీ!"

ఆయన బూట్లూ పాలిష్ డబ్బా తీసుకుని మేడమెట్ల మీదకి వెళ్ళిపోయేవాడు.

మరుసటి కార్తీకానికి ఆ డ్యూటీ ఇంకొకరికి పడింది. ఆ రోజు డిగ్రీ చదివే ఒక అబ్బాయి మునిగిపోయాడు. ఆ సమయంలో కాపలా కానిస్టేబులు రోడ్డు వైపు తిరిగి కారుకి సెల్యూట్ కొడుతున్నాడట. అతనికి మెమో రాలేదు. సంగతి తెలిసిన రోజు బాబాయి కంచం ముందు కూర్చుని, అన్నం కలిపి, తినకుండానే చెయ్యి కడుక్కున్నాడు.

పేపర్లలో గొడవయ్యేసరికి ఆయన్ని మళ్ళీ బాపట్ల వేశారు. మాకు సంతోషమేసింది. పోయిన కార్తీకంలో పిన్నితో నేనూ స్నానానికి వెళ్ళాను. అదే చోట బాబాయి నిలబడి ఉన్నాడు. కానీ రోడ్డు వైపు.

"ఏంటండీ, ఇటు తిరిగి నుంచున్నారు?" అంది పిన్ని.

"సార్ వచ్చే టైమైంది. పిల్లని లోతుకి పోనీకు" అన్నాడు. విజిల్ జేబులో ఉంది.

నేను అరటి దొప్పలో దీపం పట్టుకుని మోకాళ్ళ లోతుకి దిగాను. అల వెనక్కి పోతూ కాళ్ళ కింద ఇసుకని లాక్కుపోయింది. తూలి, నిలదొక్కుకుని, ఒడ్డు వైపు చూశాను. బాబాయి వీపు కనిపించింది. చొక్కా మీద ఇస్త్రీ మడత చెదరలేదు. రోడ్డు మీద ఆగిన సార్ కారు తలుపు ఇంకా తెరుచుకోలేదు, ఆయన చెయ్యి అప్పటికే నుదుటి దగ్గర ఉంది.