పూత లేచిన రేజర్ పట్టుకుని అజ్మాన్ నుంచి రోలా దాకా

ఈ ప్రయాణానికి కారణం నా దవడ కింద పడిన ఒక గాటు. మంగళవారం పొద్దున గడ్డం గీసుకుంటుంటే, ఏడు నెలలుగా ఏ ఇబ్బందీ పెట్టని నా సేఫ్టీ రేజర్ చర్మాన్ని కోసేసింది. నెత్తురు ఆగాక రేజర్‌ని దీపం కింద పెట్టి చూశాను. తల అంచున అద్దంలా మెరిసే క్రోమ్ పూత చిన్న చిన్న పెచ్చులుగా లేచిపోయి, లోపల బూడిదరంగు లోహం కనిపిస్తోంది. పిడి చివర ఒక నొక్కు. బ్లేడు బిగించి చూస్తే ఒక పక్క సందు ఎక్కువ, రెండో పక్క తక్కువ. నేను దాన్ని ఎన్నడూ కింద పడేయలేదు. అది మాత్రం నాకు ఖాయంగా తెలుసు.

నేను దుబాయ్‌లోని జెబెల్ అలీ ఫ్రీ జోన్‌లో ఒక గోదాములో పనిచేస్తాను. దెబ్బతిన్న పెట్టెలు తెరిచి, ఆ దెబ్బ ఓడలో తగిలిందా, లారీలో తగిలిందా, అసలు ప్యాకింగే సరిగా లేదా అని తేల్చి రాయడం నా పని. ఎవరు ఏం చెప్పినా ముందు నమ్మకపోవడం తొమ్మిదేళ్ళలో అలవాటైపోయింది. అజ్మాన్‌లో నా గదిలో ఉండేది ఇద్దరమే, నేనూ రాజేశమూ. రాజేశంది జగిత్యాల పక్క పల్లె. పెద్ద భవనాల బయట తాళ్ళకు వేలాడే తొట్టిలో నిలబడి అద్దాలు బిగిస్తాడు. నాలుగేళ్ళుగా ఒకే గదిలో ఉంటున్నాం. అతను గడ్డం సెలూన్‌లోనే గీయించుకుంటాడు, నా రేజర్‌తో అతనికి పనే లేదు. అయినా అడిగాను. "నాకేం ఎర్కలేదన్నా" అన్నాడు, నా మొహం చూడకుండా. బాత్‌రూమ్‌లో నేల చూస్తే ఒక టైలు మూల కొత్తగా విరిగి ఉంది. ఇంక నాకు వేరే సాక్ష్యం అక్కర్లేకపోయింది. ఆ రోజు నుంచి అవసరమైతే తప్ప అతనితో మాట్లాడలేదు. రేజర్‌కి మాత్రం అన్ని పక్కల నుంచీ ఫోటోలు తీసి పెట్టుకున్నాను.

రెండో అనుమానం అమ్మినవాడి మీద. షార్జాలోని రోలా బజారులో దాన్ని ఎనభై అయిదు దిర్హాములకు కొన్నప్పుడు, మొత్తం ఇత్తడేననీ పైన క్రోమ్ పూత అనీ, కింద పడినా నొక్కు పడుతుందే గాని చెడిపోదనీ ఆయన చెప్పాడు. ఇత్తడైతే లోపల పసుపుపచ్చగా ఉండాలి కదా, ఈ బూడిదరంగు ఎక్కడిది? శనివారం నాకు సెలవు. వెళ్ళి అడిగేద్దామనుకున్నాను. శుక్రవారం సాయంత్రం సంచీ సర్దుకుంటుంటే రాజేశం "నేను గూడ వస్తనన్నా" అన్నాడు. శనివారం అతనికి పని ఉంటుంది. ఎంత చెప్పినా సెలవు పెట్టని మనిషి, నా రేజర్ కోసం సెలవు పెట్టాడు. తప్పు చేసినవాడు తనిఖీ దగ్గరే తిరుగుతుంటాడని మా గోదాములో అంటుంటారు. సరే రమ్మన్నాను.

పొద్దున ఎనిమిదిన్నరకు అజ్మాన్ బస్ స్టేషన్ నుంచి షార్జా బస్సెక్కాం. శనివారం కాబట్టి నలభై నిమిషాల్లో జుబైల్ స్టేషన్‌లో దిగాం. మామూలు రోజుల్లో ఆ దారికి గంటకు పైగా పెట్టుకోవాలి. టికెట్టుకు బస్ కార్డు వాడితే నగదు కంటే తక్కువ పడుతుంది, స్టేషన్ కిటికీ దగ్గరే ఇస్తారు. అక్కణ్ణించి రోలాకు పావుగంట నడక. బస్సులో సీట్లు ఖాళీగా ఉన్నా రాజేశం ముందు సీటు వెనక కడ్డీని రెండు చేతులతో పట్టుకునే కూర్చున్నాడు. సిగ్నల్ దగ్గర ఆకుపచ్చ దీపం పడినా స్తంభం పట్టుకుని కాసేపు కదల్లేదు. చాయ్ తాగుదామంటే వద్దన్నాడు. భయం పట్టుకుందిలే అనుకున్నాను.

దుకాణం పదింటికి తెరిచారు. సెలూన్ల వాళ్ళకు కత్తెర్లు, బ్రష్‌లు, రేజర్లు అమ్మే చిన్న గది అది. యజమాని ఖాదర్‌వలీ కడప మనిషి. నేను పెట్టె, రసీదు, ఫోన్‌లో ఫోటోలు గల్లా మీద వరసగా పెట్టాను. ఆయన రేజర్ తల విప్పి, సూదితో పిడి మర లోపల గీకాడు. పసుపుపచ్చటి గీత పడింది. తర్వాత తల అడుగున గీకాడు. బూడిదరంగు. ఆయన పెట్టె తిప్పి మళ్ళీ చదివాడు. తర్వాత, పిడి ఇత్తడేననీ తల మాత్రం జింకు కరిగించి పోసిందనీ, పెట్టె మీద ఇత్తడి అని ఉంటే తాను అంతా ఇత్తడే అనుకున్నాననీ చెప్పాడు. ఇన్నేళ్ళుగా ఇదే సరుకు అమ్మేవాడికి ఆ మాత్రం తెలియదా అని అడిగాను.

"నా మాట మీరు నమ్మేటట్టు లేరు గదన్నా" అన్నాడాయన. "ఇండస్ట్రియల్ ఏరియాలో పూతలేసే ఉస్తాద్ ఒకాయన ఉండాడు. ఆయన నాకు చుట్టం గాదు, స్నేహితుడూ గాదు. చూపించుకోని రాండి. దాంట్లో నా తప్పుంటే తల మార్చిస్తా."

చుట్టం కాదని అడక్కుండానే ఎందుకు చెప్పాలి? అది కూడా మనసులో రాసుకున్నాను. టాక్సీ ఎక్కాక డ్రైవరు పెద్ద రోడ్డు వదిలి సందుల్లోకి తిప్పాడు. నేను ఫోన్‌లో మ్యాప్ తెరిచి ఆయనకు కనపడేలా పట్టుకున్నాను. పెషావర్ వైపు మనిషి, కోపం తెచ్చుకోలేదు. ముందు లారీలు నిలిచిపోయాయని హిందీలో చెప్పాడు. మలుపు తిరిగాక చూస్తే నిజంగానే లారీలు ఆగి ఉన్నాయి. మీటరు ఇరవై రెండు దిర్హాములైంది.

పూతల వర్క్‌షాపు ముందు కుళాయిలు, తలుపు పిడులు, మోటారు సైకిల్ గొట్టాలు కుప్పలుగా ఉన్నాయి. లోపల ఆసిడ్ వాసన గొంతులో పట్టుకుంటుంది, వెళ్ళేవాళ్ళు రుమాలు ఉంచుకోండి. ఉస్తాద్ గుజ్రాన్‌వాలా నుంచి వచ్చిన పెద్దాయన. ఖాదర్‌వలీ పంపాడని నేను చెప్పలేదు. ఎక్కడ కొన్నానో కూడా చెప్పలేదు. ఆయన అద్దం కన్నుకు పెట్టుకుని రేజర్‌ని చాలాసేపు తిప్పి చూశాడు. తల రెండు పలకల మధ్య వేలు రాసి చూపించాడు. వేలికి తెల్లటి పొడి అంటింది. పూత ఎక్కడైనా చిట్లితే నీళ్ళు లోపలికి దిగి జింకును తినేస్తాయనీ, ఆ పొడి పూతను కిందనుంచి లేపుతుందనీ, అందుకే బ్లేడు ఒక పక్క ఎత్తుగా కూర్చుని నన్ను కోసిందనీ హిందీలో వివరించాడు. అంత పొడి పట్టాలంటే నెలలు పడుతుందట. వారంలో జరిగే పని కాదట.

పూత మొదట ఎలా చిట్లిందని అడిగాను. ఆయన జవాబివ్వకుండా, గీసుకునేటప్పుడు రేజర్‌లో నురగ ఎలా పోగొడతావని అడిగాడు. నేను చేత్తో చూపించాను, వాష్‌బేసిన్ అంచుకు రెండుసార్లు ఠక్ ఠక్‌మని కొట్టి. ఆయన తల అంచున పెచ్చులు లేచిన చోట్లన్నీ సూదితో చూపించాడు. అన్నీ ఒకే మూల, ఒకే వరసలో ఉన్నాయి. రోజుకు రెండు మూడు దెబ్బల చొప్పున, ఏడు నెలలుగా నా రేజర్‌ని నేనే పాడుచేసుకున్నాను.

ఒప్పుకోవడానికి మనసు రాలేదు. మరి పిడి మీద నొక్కు సంగతేమిటన్నాను. అది వేరే దెబ్బ అన్నాడు ఉస్తాద్. కొత్తది, ఒక్కసారి పడింది, గట్టి నేల మీద. ఇత్తడి కాబట్టి నొక్కు పడిందే గాని మర కూడా వంగలేదని, పిడిని గాజుపలక మీద దొర్లించి చూపాడు. ఎగరకుండా తిన్నగా దొర్లింది. పడటం వల్ల ఈ రేజర్‌కి ఏమీ కాలేదన్నాడు. తలకు మళ్ళీ పూత వేయమంటే వేయనన్నాడు. పాత పూత తీయడానికి ఆసిడ్‌లో ముంచితే తినేసిన జింకు ఇంకా పోతుందట. "తల ఖలాస్. పిడి ఉంచుకో" అని నా చేతిలో పెట్టాడు. ఇంతా చూసి డబ్బులు తీసుకోలేదు.

కనీసం ఒక విషయంలోనైనా నేను అనుకున్నది నిజమైంది. బయటికి వచ్చి, నీడలో ఆగి, ఇప్పుడైనా చెప్పమని రాజేశాన్ని అడిగాను. పడేసింది నువ్వే కదా అన్నాను. అతను అక్కడున్న ఇనప డ్రమ్ము మీద మెల్లగా కూర్చున్నాడు.

"రేజర్ నేను పడెయ్యలేదన్నా. నేనే పడ్డ" అన్నాడు. "సోమవారం పొద్దుగూకి తానం చేసి లేస్తుంటే గిర్రున తిరిగింది. అల్మార పట్టుకున్న. దాని మీదున్న నీ రేజర్ గూడ పడ్డది, నేను గూడ పడ్డ."

జుట్టు పక్కకు తీసి తల వెనక చూపించాడు. నిమ్మకాయంత బొప్పి, కమిలి నల్లబడి ఉంది. నాకెందుకు చెప్పలేదని అడిగాను.

"చెప్తే నువ్వు డూటీకి పోనియ్యవు. కండ్లు తిరుగుతున్నయని ముదీర్‌కు తెల్సిందనుకో, తొట్ల నుంచి దింపి ఇంటికి తోలుతడు. రోలాల మా సైటోళ్లకు ఎర్కలేని డాక్టర్ ఉంటడని వచ్చిన. నీతోని పోతే ఎవలు అనుమానపడరని."

ముదీర్ అంటే వాళ్ళ సైటు మేనేజరు. రేజర్ కోసం కాదు, డాక్టరు కోసం సెలవు పెట్టాడు. అతనికి అప్పటికి పది రోజులుగా కళ్ళు తిరుగుతున్నాయట. వెంటనే టాక్సీ ఆపి రోలా తిరిగి వచ్చాం. ఒంటిగంట దాటింది. ఇక్కడ చాలా క్లినిక్కులు మధ్యాహ్నం మూసి నాలుగింటికో అయిదింటికో తెరుస్తాయి. మేం వెళ్ళిందీ అలాంటిదే. పక్కనున్న మెస్‌లో కూర్చున్నాం. రాజేశం పొద్దున్నుంచీ ఏమీ తినలేదు. వడ్డించే నెల్లూరు కుర్రాడు అతని మొహం చూసి, అడక్కుండానే ముందు మజ్జిగ తెచ్చి పెట్టాడు. అన్నం, పప్పు, వేపుడు ఇద్దరికీ కలిపి ముప్పై లోపే అయింది. అతను తింటుంటే, ఏవైనా మాత్రలు వాడుతున్నావా అని అడిగాను. ఊరి నుంచి వచ్చిన ఒకతను తెచ్చిన బీపీ మాత్రలు వేసుకుంటున్నాడట. డాక్టరు పొద్దున ఒకటే రాసిచ్చాడు, తలనొప్పి తగ్గలేదని తనంతట తానే సాయంత్రం ఇంకొకటి మొదలుపెట్టాడు. ఎప్పటినుంచి అంటే, లెక్కపెట్టి, పది పన్నెండు రోజులైతుందన్నాడు.

నాలుగున్నరకు డాక్టరమ్మ వచ్చింది. కేరళ ఆవిడ, నెమ్మదిగా హిందీలో మాట్లాడింది. పడుకోబెట్టి ఒకసారి, నిలబెట్టి ఒకసారి బీపీ చూసింది. నిలబడగానే అంకె ఎంత దిగిపోయిందో నాకూ కనపడింది. బొప్పి నొక్కి చూసి, కళ్ళలో లైటు వేసి, వాంతులయ్యాయా, చూపు మసకబారిందా అని అడిగింది. అవేవీ లేవు. అయినా తల స్కానింగుకు రాసిచ్చింది. సాయంత్రం మాత్ర మానేయమంది. ఎండలో పని కాబట్టి నీళ్ళు ఎక్కువ తాగమంది. రెండు వారాలు ఎత్తు ఎక్కకూడదని కాగితం రాసింది. ఆ కాగితం చూడగానే రాజేశం మొహం వాడిపోయింది. దాన్ని చింపి పారేస్తాడేమోనని నాకు అనుమానం వచ్చింది. నా సంచీలో పెట్టుకున్నాను.

బస్సుకు వెళ్ళే దారిలో ఖాదర్‌వలీ దుకాణం ముందు ఆగాం. ఉస్తాద్ చెప్పిందంతా దాచకుండా చెప్పాను, వాష్‌బేసిన్‌కు కొట్టుకున్న సంగతితో సహా. తప్పు సగం మీది, సగం నాది అని నవ్వి, అదే మరకు సరిపోయే ఇత్తడి తల తీసి ఊరికే ఇచ్చాడు. సూది తీసుకుని లోపల గీకి చూపించమన్నాను. గీకాడు, పసుపుపచ్చగానే ఉంది. ఏడింటికల్లా అజ్మాన్ చేరాం.

ఆదివారం స్కానింగు చేయించాం, భయపడాల్సిందేమీ లేదన్నారు. సోమవారం డాక్టరు కాగితం పట్టుకుని అతని సైటుకు నేను కూడా వెళ్ళాను. ముదీర్ కాగితం రెండుసార్లు చదివాడు. అరవలేదు, ఇంటికి పంపుతాననీ అనలేదు. పైనుంచి పడిపోయాక కాకుండా ముందే చెప్పినందుకు మంచిదైందని మాత్రం అని, కింద అద్దాలు లెక్కపెట్టే పనిలో వేశాడు. మూడు వారాల తర్వాత మళ్ళీ బీపీ చూపించుకుని రాజేశం పైకి వెళ్ళాడు. రోజూ పొద్దున మాత్రల పట్టీ చూపించమంటాను. విసుక్కుంటూనే చూపిస్తాడు.

ఈ ప్రయాణంలో నేను అనుమానించినవాళ్ళలో టాక్సీ డ్రైవరు నిజమే చెప్పాడు, ఉస్తాద్ నిజమే చెప్పాడు, ఖాదర్‌వలీ తెలిసినంతవరకు నిజం చెప్పాడు. రాజేశం ఒక్కడే అబద్ధం చెప్పాడు, నేను సరిగ్గా పట్టుకున్నది కూడా అతన్నే. కాని అబద్ధం పట్టుకున్నానని నాకు సంతోషం లేదు. బస్సులో అతను కడ్డీని ఎలా పట్టుకున్నాడో చూశాను, స్తంభం దగ్గర ఎలా ఆగాడో చూశాను, ఏమిటని అడగలేదు. మంగళవారం నుంచి శుక్రవారం దాకా నాలుగు రోజులు అతను ఆ కళ్ళతోనే పద్దెనిమిదో అంతస్తు ఎత్తున తొట్టిలో నిలబడి అద్దాలు బిగించాడు. ఆ నాలుగు సాయంత్రాలూ నేను అతని ఎదురు మంచం మీద కూర్చుని, అతనితో మాట్లాడకుండా, రేజర్‌కి ఫోటోలు తీసుకున్నాను.

ఇలాంటి పని మీద వెళ్ళేవాళ్ళకు ఒక సూచన: మెటల్ రేజర్ పూత లేస్తే మళ్ళీ పూత వేయించడానికి పరుగెత్తకండి. బ్లేడు తీసేసి, తల విప్పి, పలకల మధ్య వేలు రాయండి. తెల్లటి పొడి అంటితే ఆ తల పారేసి ఇత్తడి తల కొనుక్కోండి, దుకాణంవాడిచేత లోపల గీకించి రంగు చూసుకున్నాకే.