మూపురం లేచిన గ్రాఫు

ఆవిడ అసలు పేరు జీతం కాగితాల మీద తప్ప ఎక్కడా వినపడదు. యాక్సిలరేటర్ ప్రయోగశాలలో అందరికీ ఆవిడ సూరేకారమే. కోపం ఎప్పుడూ ముక్కు మీదే ఉంటుంది. ఇంట్లో ఆవిడ చెప్పులు విప్పగానే భర్త, "ఇవాళ ఎవరి వంతు?" అని అడుగుతాడు. ఆ కోపమంతా కిరణాలు తగిలితే మెరిసే డిటెక్టర్ల కోసమే. గాజు దిమ్మల్లాంటి ఆ స్ఫటికాలను ఒక్కొక్కటే తుడిచి, చుట్టి, ఏళ్ల తరబడి పేర్చింది ఆవిడే మరి.

ఆవిడ పని చెప్పుకోవడానికి సులువే. ఒక బరువైన పరమాణు కేంద్రకాన్ని మహా వేగంతో తెచ్చి ఇంకోదానికి కొడతారు. రెండూ కలిసి సలసలా కాగే ఒకే కేంద్రకం అవుతాయి. అది చల్లారే తొందరలో న్యూట్రాన్లను విదిలిస్తుంది, ఏ అరుదుగానో గట్టి శక్తి ఉన్న గామా కిరణాన్ని వదులుతుంది. లోపలి వేడి సంగతి చెప్పేది ఆ గామాయే. చిక్కేమిటంటే, న్యూట్రాన్ తగిలినా డిటెక్టర్ అలాగే మెరుస్తుంది. గామా ముందొస్తుంది, న్యూట్రాన్ వెనకబడుతుంది. డిటెక్టర్లు దూరంగా ఉంటేనే ఆ తేడా దొరుకుతుంది.

చెల్లెలి ఆపరేషన్ కోసం ఆవిడ సెలవు పెట్టిన వారంలో ప్రాజెక్టు పెద్దాయన డిటెక్టర్లను దగ్గరికి జరిపించాడు. దగ్గరైతే ఎక్కువ గామాలు పడతాయి, పని త్వరగా తెములుతుందని ఆయన ఆలోచన. తెమిలింది కూడా. గామాల లెక్క గీసిన గ్రాఫులో ఎవరూ ఎరగని మూపురం ఒకటి లేచింది. కొత్త సంగతి కనిపెట్టేశామని ఆయన ఊరంతా చాటాడు. ఎద్దు ఈనిందంటే దూడను గాటన కట్టేయమన్నట్టు, మిగతావాళ్లు చప్పట్లు కొట్టారు. డిటెక్టర్ల స్టాండ్లు జరిపిన చేతులు మాత్రం ఆయన దగ్గర పరిశోధన చేస్తున్న అమ్మాయివి. ఆ పిల్ల డిగ్రీ ఆయన చేతిలో ఉంది.

సూరేకారం తిరిగొచ్చి ఆ వాలకం చూసేసరికి అరికాలి మంట నెత్తికెక్కింది. పిల్లను నిలదీసింది. వద్దని మొత్తుకున్నానని, సార్ వినలేదని ఆ పిల్ల తల దించుకుని చెప్పింది. ఇద్దరూ కలిసి స్టాండ్లను పాత చోటికి లాగి, తమ వంతు యాక్సిలరేటర్ సమయంలో మిగిలిన కాస్తలో మళ్లీ కొలిచారు. మూపురం లేదు. అదంతా వెనకబడే చోటు లేక గామాలలో కలిసిపోయిన న్యూట్రాన్ల గుంపు.

ఆ సంగతి అందరికీ తెలిసిపోయింది. మర్నాడు సమావేశంలో పెద్దాయన గొంతు సవరించుకున్నాడు. స్టాండ్లు జరిపింది విద్యార్థిని అనీ, అనుభవం లేక చేసిన తప్పనీ, ఆమెను ప్రాజెక్టు నుంచి తప్పిస్తున్నాననీ చెప్పాడు. ఆడలేక మద్దెల ఓడంటే ఇదే.

సూరేకారం లేచింది. అరుస్తుందని అందరూ సర్దుకుని కూర్చున్నారు. అరవలేదు.

"జరపమన్నది మీరు. వద్దన్నది ఈ పిల్ల. ఆ ముక్క మీ నోటితోనే చెప్పండి. చెప్పేదాకా నేను కూర్చోను, మిమ్మల్ని కదలనివ్వను."

ఆయన అటూ ఇటూ చూశాడు. ఆయన్ను ఒక్కరూ ఆదుకోలేదు, ఆవిడ పక్కనా ఒక్కరూ నిలబడలేదు. చివరికి, జరపమన్నది తనేనని గొణిగాడు. పిల్ల మీద మచ్చ పోయింది, ఆమె వేరే గురువు దగ్గర పని మొదలుపెట్టింది.

ఆ నెల తిరక్కుండానే పెద్దాయన సూరేకారం చేతిలోంచి డిటెక్టర్లు తీసి ఇంకొకరికి అప్పగించాడు. అప్పుడు మొదలైంది పరామర్శ. చప్పట్లు కొట్టినవాళ్లే ఒక్కొక్కరుగా ఆవిడ గదికొచ్చి, భలే అడిగారు మేడమ్, మా మనసులోనూ అదే ఉంది అన్నారు. పెద్దాయన మీద కూడా రానంత కోపం వీళ్ల మీద వచ్చింది ఆవిడకు.

"ఆ మాట ఆ రోజు అక్కడ అనుంటే నా డిటెక్టర్లు నా దగ్గరే ఉండేవి" అని, ఆఖరున వచ్చినవాడి మొహం మీదే తలుపు వేసేసింది.