ఒడ్డు మీద కుర్చీల పరీక్ష

మా మేనత్త బాగుచేసిన కుర్చీ ఏదీ నేరుగా యజమాని ఇంటికి పోదు. వారం పాటు నది ఒడ్డున, కాలిబాట పక్కన, వచ్చేపోయేవాళ్ళ బరువు మోసి, ఆ తరువాతే పోతుంది. మా కాలనీ సాయంత్రాలన్నీ ఈ ఒక్క పద్ధతి మీద నిలబడి ఉన్నాయని గోడ మాట పుట్టేదాకా మాలో ఎవరికీ తోచలేదు.

అత్తయ్య ఒకప్పుడు బస్సు సీట్లు కుట్టే కర్మాగారంలో పనిచేసింది. కర్మాగారం ఊరు మారింది, ఆమె మారలేదు. సుత్తి, పట్టకారు, వంపు సూది, నవారు చుట్టలు మోసుకొచ్చి, సిటీ బస్సు చివరి స్టాపు దాటాక వచ్చే ఈ కాలనీలో రెండు గదుల ఇంట్లో పని మొదలుపెట్టింది. ముందు గది నిండా కుర్చీలే, కూర్చోవడానికి మాత్రం చోటుండదు. వెనక గది తలుపు తీస్తే రెండు మెట్లు, కాలిబాట, ఆపైన నీళ్ళు.

తొలిరోజుల్లో ఆమె సరిచేసిన కుర్చీ ఒకటి ఒక భారీ మనిషి కింద చతికిలబడింది. "నేనొక్కదాన్నే కూర్చుని చూస్తే ఏం తెలుస్తుంది? బక్కవాళ్ళు, బొద్దువాళ్ళు, కుదురులేనివాళ్ళు, అందరూ కూర్చోవాలి" అని, ఆనాటి నుంచి కుర్చీలను వెనక మెట్ల దగ్గర వేయసాగింది. నియమాలు రెండే. కూర్చున్నవాళ్ళను ఎవరూ లేవమనకూడదు. లేచినవాళ్ళకు ఆ చోటు మీద ఇక హక్కు లేదు. నేను చదివిన చట్టాల్లో ఇంత స్పష్టంగా రాసినవి అరుదు.

అక్కడ నది వంపు తిరిగి నెమ్మదిస్తుంది. నీళ్ళ మీది గాలి నేరుగా బాట మీదికి వస్తుంది. బస్సు దిగినవాళ్ళు దగ్గరి దారి అయిన రోడ్డును వదిలి, చుట్టు అయినా ఈ బాట వెంటే ఇల్లు చేరతారు. రిటైరైన నర్సమ్మ చెప్పులు విడిచి కాళ్ళు చాపుకుంటుంది. టైలరు సూదిలో దారం ఎక్కించే బాధ మరిచి దూరపు వంతెన మీద రైలు పెట్టెలు లెక్కపెడుతూ ప్రతిసారీ తప్పుతాడు. ఈ సుఖాన్ని ఇళ్ళు అమ్మేవాళ్ళ ప్రకటనలు 'దృశ్యం' అంటాయి. నేను హక్కు అంటాను.

కాలనీ సంఘం అధ్యక్షుడు ఆ బాట వెంబడి గోడ కట్టి, గేటుకు తాళం వేయాలన్నాడు. భద్రత అన్నాడు, ఇళ్ళ విలువ పెరుగుతుందన్నాడు, యజమానుల మీటింగులో తీర్మానం పెడతానన్నాడు. నదికి గోడ అడ్డంపెట్టి, నదీతీర నివాసమని ధర పెంచడం! గోడ గీత సరిగ్గా అత్తయ్య వెనక మెట్ల మీదుగా పోతుంది. ఆ తలుపు మూస్తే ఆమె పని మూసినట్టే. నగరంలో చెల్లెలి ఫ్లాటుకు పోవడం తప్ప దారి లేదు.

"ఆరో అంతస్తులో నేను మేకు కొడితే, అయిదో అంతస్తు వాళ్ళు నా నెత్తిన కొడతారే" అంది అత్తయ్య.

"దావా వేద్దాం అత్తయ్యా."

"వెయ్యవే వకీలమ్మా. తీర్పు వచ్చేసరికి నేనూ, కుర్చీలూ, జడ్జిగారూ అందరం అరిగిపోతాం. ముందు మీటింగు కానీ."

మీటింగు ఘనంగా కనబడాలని అధ్యక్షుడే సంఘం హాలు కుర్చీలన్నిటినీ కొత్త నవారు అల్లమని అత్తయ్యకు పంపాడు. పని అయ్యాక వారం పరీక్ష ఉంటుందని ఆమె చెప్పే ఒప్పుకుంది. పరీక్ష అంటే ఏమిటో ఆయన అడగలేదు. బాటను మూయించబూనిన ఆ మనిషి దాని మీద ఏనాడూ నడిచి ఎరగడు. ఈ వాస్తవాన్ని ప్రత్యేకంగా నమోదు చేస్తున్నాను.

మీటింగు నాటికి పరీక్ష వారం ఇంకా పూర్తికాలేదు, సాయంత్రం హాలు బోసిగా ఉంది. వాచ్‌మన్ వచ్చాడు. "అమ్మా, కుర్చీలు పట్టుకురమ్మన్నారు."

"ఖాళీగా ఉన్నవి పట్టుకుపో నాయనా."

ఒక్కటీ ఖాళీగా లేదు. హాల్లో కుర్చీలు లేవని విన్న ఇంటి యజమానులు బస్సు దిగి తిన్నగా ఇక్కడికే వచ్చారు. కుర్చీ దొరకనివాళ్ళు మెట్ల మీద, గడ్డి మీద సర్దుకున్నారు. ఆఖరికి అధ్యక్షుడే బావమరిదిని వెంటబెట్టుకుని వచ్చాడు.

"ఏమిటండీ ఇది? ఇవి సంఘం కుర్చీలు! లేవమనండి వీళ్ళని."

"మీవేనండీ, ఎవరు కాదన్నారు? కానీ కూర్చున్నవాళ్ళని లేపడం ఇక్కడ లేదు. ఎవరైనా లేస్తే కూర్చోండి."

కాసేపటికి సంగీతం మాస్టారు కూతుర్ని పిలవడానికి లేచాడు. అధ్యక్షుడు ఆ కుర్చీలో కూలబడ్డాడు. ఆ పక్కన ఇంకెవరో లేస్తే బావమరిదికీ చోటు దొరికింది. ఇక సభ ఇక్కడే కానిమ్మన్నారు అందరూ. ఆయన తీర్మానం చదవడానికి లేచాడు. మెట్టు మీది నర్సమ్మ నింపాదిగా వచ్చి ఆయన కుర్చీలో కూర్చుంది.

"అది నా కుర్చీ!"

"మీరు లేచారుగా బాబూ."

సంఘం నియమావళి ప్రకారం తీర్మానాన్ని సమర్థించేవారు లేచి నిలబడాలి. "అనుకూలురు లేవండి" అన్నాడాయన. ప్రతివారూ పక్కకు చూశారు. మెట్ల మీది కళ్ళన్నీ కుర్చీల మీదున్నాయి. గడ్డి మీది కళ్ళు మెట్ల మీదున్నాయి. గోడకు మద్దతిస్తానని మాట ఇచ్చిన బావమరిది సగం లేచి, వెనకనే గడ్డి మీద కాచుకున్న టైలరును చూసి, మళ్ళీ సర్దుకున్నాడు.

"లేవవేంరా?"

"లేస్తే పోతుంది బావా."

ఒడ్డంతా ఘొల్లుమంది. అధ్యక్షుడి ముఖం కందిపోయింది. "ఇది చెల్లదు! వీళ్ళు గోడ వద్దని కూర్చోలేదు. చోటు పోతుందని కూర్చున్నారు!"

నేను కూర్చునే జవాబిచ్చాను. "నియమావళి లేచినవాళ్ళను లెక్కపెట్టమంది. కూర్చున్నవాళ్ళ మనసు విచారించమనలేదు. అయినా విచారిద్దాం. ఇవే కుర్చీలు మీ హాల్లో ఉన్నప్పుడు మీటింగు సగంలోనే వీళ్ళంతా లేచిపోయేవారు. ఇక్కడెందుకు లేవడం లేదో మీరే చెప్పండి."

ఆయన నోరు తెరిచేలోపే నర్సమ్మ చెప్పింది: "గాలి బాబూ, గాలి. గోడ కట్టాక ఇది ఎటునుంచి వస్తుంది?"

తీర్మానానికి అనుకూలంగా నిలబడినవాడు ఒక్కడే, చదివినవాడు. వీగిపోయిందని ఆయన చేతనే చెప్పించి, అక్కడికక్కడే రాయించి సంతకం తీసుకున్నాను. ఆ సాయంత్రం ఎవరి హృదయమూ మారిందని నేను అనను. మారనక్కర లేకుండానే పని జరిగింది.

అంతా అయ్యాక అత్తయ్య కుర్చీలను ఒక్కొక్కటే నొక్కి చూసింది. ఆయన కూర్చున్నదాని దగ్గర ఆగి, "మీరు విసురుగా లేచారు, నవారు కాస్త వదులైంది. దీన్ని ఇంకో వారం ఇక్కడే ఉంచుతాను" అంది.

"ఉంచుకోండి" అన్నాడాయన విసుగ్గా. అప్పటికే అందులో ఎవరో కూర్చున్నారు.

మరునాడు పొద్దున వెనక తలుపు ఎప్పటిలాగే తెరుచుకుంది. అందులోంచి ముందు సుత్తి చప్పుడు, ఆ వెనక కొత్తగా పరీక్షకు రెండు పొడుగు స్టూళ్ళు బయటికి వచ్చాయి.