పైన ఎరుపు, కింద తెలుపు

ఎరుపు, తెలుపు రెండే రంగులున్న దేశాల జెండాలంటే నాకు చిన్నప్పటి నుంచీ గౌరవం. ఆస్ట్రియా వాళ్ళది యుద్ధంలో ఒక ప్రభువు తెల్ల అంగీ నెత్తుటిలో తడిసి, నడికట్టు ఉన్నంత మేర తెల్లగా మిగిలితే పుట్టిందట. డెన్మార్కు వాళ్ళది ఓడిపోతున్న సైన్యం మీదికి ఆకాశం నుంచి జారిపడిందట. ఇండోనేషియాలో ఒక ఊళ్ళో కుర్రాళ్ళు మేడెక్కి డచ్చి దొరల జెండా దించి నీలం పట్టీ చింపేస్తే, తమ ఎరుపు తెలుపులే మిగిలాయట. ఇవన్నీ శ్రద్ధగా చదివాను. ఎందుకంటే మాకూ ఒకటుంది.

శ్రీకాకుళం వైపు మా వాళ్ళకి చిన్న జమీందారీ ఉండేది. ఒక పూర్వీకుడు పోరులో గాయపడితే ఆయన తెల్ల తలపాగా సగం ఎర్రబడిందనీ, అదే పైన ఎరుపు, కింద తెలుపుగా మా జెండా అయిందనీ ఇంట్లో చెప్పేవారు. జమీ పోయింది. తాత ఈ హిందీ ఊరు బిలాస్‌పూర్ వచ్చి రైల్వే గార్డు అయ్యాడు. దసరాకి చుట్టుపక్కల క్వార్టర్లలో స్పానర్లు, సుత్తులు పూజలో పెడితే మేం జెండా పెట్టేవాళ్ళం. ఇప్పుడు ఇదే ఊళ్ళో మంగ్లా పేటలో అద్దె ఇంట్లోనూ పెడుతున్నాను. మావాడికి తెలుగు చదవడం రాదు. దండం మాత్రం పెడతాడు, రెండో చేత్తో ఫోను పట్టుకుని.

ఈ ఏడు తెలుగు సంఘం వాళ్ళు పాత కుటుంబాల వస్తువులు ప్రదర్శనకి పెడతామన్నారు. మేమెవరమో ఈ ఊరికి తెలియడానికి ఇదే ఆఖరి అవకాశం అనిపించింది. కథ సరిచూసుకుందామని తెలిపారా పేటలో ఉన్న మేనత్త దగ్గరికి జెండా తీసుకెళ్ళాను.

చూసి పళ్ళు లేని నోటితో నవ్వింది.

"ఇదేటిరా, ఇంకా ఉందా! అసలుది చెదలు తినేసింది కదరా. మా నాన్న అన్నం ముట్టనేదు. మా అమ్మ ఆయన గార్డు ఎర్రజెండా, పంచె ముక్కా ఇచ్చి కలిపి కుట్టమంది. నేనే కుట్టాను."

"తాతకి తెలుసా అత్తా?"

"డ్యూటీకి పట్టుకెళ్ళే జెండా ఆయనకి తెలీదేటి? దండమెట్టీసి, అన్నం తినేసాడు."

"మరి అసలు దాని మీద ఉన్నది నెత్తురేనా?"

"నాకేటి తెలుసురా? నేను చూసేసరికే పసుపూ కుంకాల్లో నానిపోయుంది. ముందు టీ తాగు, చల్లారిపోతాది."

తాగాను. జెండా మడిచి చంకలో పెట్టుకుని, నడుం వంచకుండా నడిచి వచ్చాను.

ఆ ప్రభువు అంగీని, ఆకాశం నుంచి పడిన గుడ్డని కూడా చూసినవాళ్ళెవరూ లేరు. వాటి కింద నిలబడడానికి జనం ఉన్నారు, అంతే. మా జెండా కింద నేనొక్కణ్ణే.

సంఘం వాళ్ళకి మాటిచ్చాను కనుక ప్రదర్శనకి వెళ్ళాను. జెండాని బల్ల మీద పరిచి పక్కనే నిలబడ్డాను. వచ్చినవాళ్ళు వచ్చినట్టే ఫలహారాల వైపు వెళ్తున్నారు. చాలాసేపటికి ఒక అమ్మాయి ఆగింది.

"అంకుల్, యే ఇండోనేషియా కా హై నా?"

చెప్పడానికి నా దగ్గర రెండు కథలున్నాయి. ఒకటి ఇక చెప్పలేను. రెండోది నోరు దాటదు.

"హా బేటీ," అన్నాను.

"అచ్ఛా," అని వెళ్ళిపోయింది.

లైట్లు ఆర్పేవరకు బల్ల పక్కనే నిటారుగా నిలబడి ఉన్నాను. మరెవరూ అడగలేదు.