ముఖంలోకి చూడొద్దన్న మాస్టారు

రేపల్లె పురపాలక పాఠశాలలో కొత్తగా ఉద్యోగంలో చేరిన మా మేనకోడలు మొన్న ఆదివారం తన శిక్షణ పుస్తకం తెచ్చి నా ముందు పెట్టి, "మావయ్యా, వినపడని పిల్లలకీ, చూపు ఆనని పిల్లలకీ పాఠం ఎలా చెప్పాలో అంతా ఇందులో ఉంది, మీ రోజుల్లో ఇవన్నీ ఎవరు నేర్పారు?" అని అడిగింది. ఎవరూ నేర్పలేదనబోయి ఆగాను.

రెండువేల సంవత్సరం దాటిన కొత్తలో నేను తెనాలిలో తెలుగు పండితుణ్ణి. మా వంశం ఆస్తి మా నాన్నగారి హయాంలోనే హరించుకుపోగా నాకు దక్కినవి ఇంటిపేరు, నిటారుగా నడిచే అలవాటు, పెద్దల ముఖంలోకి పిన్నలు సూటిగా చూడరాదన్న మర్యాద. మొదటి రెండూ ఇప్పటికీ వదల్లేదు. మూడోదాని సంగతే చెబుతున్నాను.

ఏడో తరగతి మొదటి బల్ల మీద ఒక అమ్మాయి పాఠం సాగినంతసేపూ కళ్ళార్పకుండా నా ముఖంలోకే చూసేది. వాళ్ళది సూర్యలంక; తల్లి తెనాలి మార్కెట్లో చేపలు అమ్ముతూ ఇక్కడే గది తీసుకుని ఉండేది. ఆ చూపు నాకు పొగరుగా తోచి, తల దించుకోమని గద్దించి చివరి బల్లకు పంపాను. అప్పటిదాకా చురుగ్గా ఉన్న పిల్ల ఆపైన ఏమడిగినా తెల్లమొహం వేయసాగింది. దసరా సెలవుల ముందు తల్లి వచ్చి, "దీనికి చదువు అబ్బదంట గదండి, శనివారం టీసీ ఇప్పించండి బాబూ, బుట్ట పట్టుకుని నాతో వస్తది" అంటే సరేనన్నాను.

ఆ వారమే బాపట్లలో మాకు శిక్షణ. శిక్షకురాలు, వయసులో నాకంటే చాలా చిన్నది, వినపడని పిల్లల పాట్లు మాకు తెలియాలని మా చెవుల్లో దూది పెట్టించి గొంతు బాగా తగ్గించి పాఠం మొదలుపెట్టింది. ఒక్క ముక్క అందక నేను అవస్థ పడుతుంటే పక్కనున్న లెక్కల మాస్టారు నా చెవిలో దూది లాగేసి, "ఏంటి మాస్టారూ, ఆవిడ మూతివంక అలా చూస్తన్నారు? బాగోదండి!" అన్నాడు. గదంతా ఘొల్లుమంది. నాకు నవ్వు రాలేదు. ఆ చూపు ఎవరిదో తెలిసింది.

శనివారం బడి తెరవకముందే, మా వంశంలో ఎవరూ అడుగుపెట్టని చేపల మార్కెట్టుకు వెళ్ళి, పిల్లకు వినపడదా అని అడిగాను. తల్లి కొంగు నోటికి అడ్డం పెట్టుకుని, "చిన్నప్పుడు జొరమొచ్చి చెవులు మందగించాయండి. చెబితే బళ్ళో చేర్చుకోరేమోనని దాచానండి. మీ నోరు చూసే మీ మాట పట్టుకునేదండి" అంది. తప్పు నాదని, టీసీ ఇచ్చేది లేదని చెప్పాను. తప్పు నాదన్న మాట నేను పలకడం జీవితంలో అదే మొదలు. "మీ నోటెంట ఆ మాటేంటండీ, పంపుతాలెండి" అంది.

ఆనాటి నుంచి నల్లబల్ల వైపు తిరిగి ఒక్క మాట మాట్లాడలేదు. రాయడం ముగించి, పిల్లల వైపు తిరిగి నిలబడి చెప్పేవాణ్ణి. తరువాత అదే బాపట్లలో కొత్త ఉపాధ్యాయులకు ఈ సంగతే బోధించాను, బాగా బోధించానని చెప్పుకోవడానికి నాకు మొహమాటం లేదు. కానీ మొదటి బల్లకు తిరిగొచ్చిన ఆ పిల్ల మాత్రం నేనంటే భయంతో తల ఎత్తితేనా! నా ముఖంలోకి చూడమ్మా అని రోజూ బతిమాలవలసి వచ్చింది.

ఇప్పుడు బడిలో చేర్చుకునేటప్పుడే చెవులూ కళ్ళూ పరీక్షిస్తున్నారట. మాస్టారు పొరబడేలోగా కాగితమే అంతా చెప్పేస్తుంది. మేలే. మా మేనకోడలికి ఏ పిల్లనూ బతిమాలే పని ఉండదు. అయితే, ఆ కార్తికంలో ఒక ఉదయం పద్యం మధ్యలో ఆ పిల్ల మెల్లగా తల ఎత్తి సూటిగా నా ముఖంలోకి చూసినప్పుడు, తరువాతి పాదం గుర్తు రాక అలాగే నిలబడిపోయాను. అలాంటి ఉదయం ఈ కొత్త ఉపాధ్యాయులకు దక్కుతుందా అని మాత్రం అనిపిస్తూ ఉంటుంది.